50కే ఉద్యోగం మానేద్దామనుకుంటే, లక్ష పౌండ్లు దాటిన జీతాన్ని పెన్షన్‌లో వేయాలా? (యూకే)

స్లౌ_శీను:
వివరాలు ముందే పెడుతున్నాను. ఇంగ్లండ్‌లో ఉద్యోగం, వయసు 42. జీతం 1,18,000 పౌండ్లు, భార్య జీతం 38,000. పిల్లలిద్దరూ నర్సరీలోనే: ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఏడాదిన్నర. 50కి ఉద్యోగం మానేయాలని ఆలోచన. లక్ష పైనున్న 18,000 సాలరీ శాక్రిఫైస్ (జీతంలో కొంత వదులుకుని, దాన్ని కంపెనీ చేతే పెన్షన్‌లో వేయించుకోవడం) కింద పెన్షన్‌కి మళ్లించమని కొందరంటున్నారు. 57 దాకా ముట్టుకోలేని డబ్బు పెట్టుకుని 50కి ఎలా మానేస్తావు, పన్ను కట్టేసి ఐసాలో (లాభం మీద యూకే పన్ను లేని పొదుపు ఖాతా, ISA) వేసుకో అని ఇంకొందరు. చివరికి హైదరాబాద్ వెళ్లిపోయే అవకాశమూ సగానికి సగం ఉంది. ఏది గిట్టుబాటు?

లెక్కలపద్దు:
లక్ష దాటాక ప్రతి రెండు పౌండ్లకీ ఒక పౌండు పర్సనల్ అలవెన్స్ (పన్ను లేని ఆదాయం) కోసేస్తారు. 1,25,140 దగ్గర 12,570 అలవెన్స్ మొత్తం పోతుంది. మీ 18,000 మీద 40% అంటే 7,200. పోయిన 9,000 అలవెన్స్ మీద ఇంకో 3,600. నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ, జీతం మీద పడే ఇంకో కోత) 2% కింద 360. మొత్తం 11,160. అంటే ఆ 18,000లో మీ చేతికొచ్చేది 6,840 పౌండ్లే. పోయేది 62%.

శాక్రిఫైస్ చేస్తే ఆ 18,000 పైసా తగ్గకుండా పెన్షన్‌లో పడుతుంది. కంపెనీకి కూడా 15% ఎన్ఐ, అంటే 2,700 మిగులుతుంది. అందులో సగమో, మొత్తమో మీ పెన్షన్‌లోనే కలిపే కంపెనీలున్నాయి. హెచ్‌ఆర్‌ని అడగండి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక నర్సరీ సంగతి. మీ ఇద్దరిలో ఎవరి సర్దుబాటు ఆదాయమైనా (అన్ని ఆదాయాలూ కలిపి, పెన్షన్‌కి కట్టింది తీసేశాక మిగిలేది) లక్ష మీద ఒక్క పౌండు దాటినా టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ పోతుంది, అది పిల్లకి ఏడాదికి 2,000 దాకా. 30 గంటల ఉచిత నర్సరీ కూడా పోతుంది, మూడు నాలుగేళ్ల పిల్లలకి అందరికీ ఇచ్చే 15 గంటలు మాత్రం మిగులుతాయి. ఈ కోతలో మెట్లు లేవు, ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. ఇద్దరు పిల్లలుండగా 1,00,001 సంపాదించడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

తిరుగుటపా:
లెక్క తప్పని అనను, సగమే చెప్పారంటాను. పెన్షన్ ముట్టుకునే కనీస వయసు ఇప్పుడు 55, 2028 ఏప్రిల్ 6 నుంచి 57. 42 ఏళ్ల మనిషికి 57 కంటే ముందు ఒక్క పౌండు రాదు. 1978 ఏప్రిల్ 6 తర్వాత పుట్టినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే స్టేట్ పెన్షన్ వయసు ఇప్పటి చట్టం ప్రకారం 68. పెన్షన్‌లో జీవితం మొత్తం మీద ఎంత పోగేయవచ్చో చెప్పే పరిమితి, 2006లో తెచ్చిన లైఫ్‌టైమ్ అలవెన్స్‌ని పెంచారు, తగ్గించారు, 2024లో ఎత్తేశారు. ఇన్ని మార్పులు చేసినవాళ్లు మీరు 57కి వచ్చేసరికి గీతని 60కి జరపరని ఎవరు రాసిస్తారు?

50 నుంచి 57 దాకా ఏడేళ్లు. ఏడాదికి 30,000 ఖర్చు వేసుకున్నా 2,10,000 పౌండ్లు పెన్షన్ బయటే ఉండాలి. అది కూడకుండా పెన్షన్ నింపుకుంటూ పోతే కాగితం మీద లక్షాధికారి, చేతిలో మాత్రం ఏమీ ఉండదు.

లెక్కలపద్దు:
@తిరుగుటపా గారూ, ఆ 2,10,000 ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. పెన్షన్‌లో వేయకుండా పన్ను కట్టేస్తే ఏడాదికి మిగిలేది 6,840. ఎనిమిదేళ్లకి 54,720. మీ లెక్కన అది రెండేళ్ల ఖర్చుకి కూడా చాలదు. దానికోసం 1,44,000 పెన్షన్ వదులుకోవాలి. 57 దాకా నడవడానికి డబ్బు కావాలన్న మీ మాట ఒప్పుకుంటాను, కానీ దాన్ని ఈ ముక్కలోంచి తీయకూడదు. లక్ష లోపలి జీతంలోంచి తీయాలి.

తిరుగుటపా:
సరే, లక్ష పైముక్క మీద పట్టు పట్టను. అయితే చాలామంది అక్కడ ఆగరు. "42% మిగులుతోంది కదా" అని 40% పన్ను మొదలయ్యే 50,270 దాకా జీతం దించేస్తారు. నా గొడవంతా దాని మీదే.

రీడింగ్_రాణి:
అసలు చర్చ ఇక్కడే ఉంది. ముక్కలుగా విడగొడితే తేలిపోతుంది. పెన్షన్ బయటికి వచ్చేటప్పుడు 25% పన్ను లేకుండా, మిగిలిన 75% మీద 20% కడతారనుకుందాం. అంటే మొత్తం మీద 15%. వంద పౌండ్ల జీతం పెన్షన్ దారిలో 85గా చేతికొస్తుంది. అదే వంద ఐసా దారిలో ఎంత అవుతుందంటే:

1,00,000–1,25,140 మధ్య అయితే 38.
50,270–1,00,000 మధ్య అయితే 58.
50,270 లోపు అయితే 72.

పైముక్కలో రెట్టింపు దాటిన తేడా, అక్కడ వాదనే లేదు. నడిముక్కలో 58కి 85, తేడా పెద్దదే అయినా అది ఏడేళ్ల స్వేచ్ఛ ఖరీదు. కింది ముక్కలో 72కి 85 కోసం డబ్బుని బంధించుకోవడం 50కే మానేద్దామనుకునేవాళ్లకి అనవసరం. శీను గారు ముందు 18,000 పెన్షన్‌లో వేసేసి, మిగిలిన లక్ష మీద చేతికొచ్చే దాదాపు 68,550లోంచి ఏడాదికి 26,000 దాకా ఐసాలో పెట్టగలరా అన్నది చూసుకోవాలి. ఐసా పరిమితి మనిషికి 20,000, ఇద్దరికీ కలిపి 40,000, కాబట్టి చోటుకి కొరత లేదు. అది నిండాక ఇంకా మిగిలితేనే నడిముక్కలో పెన్షన్ పెంచాలి. ఈ వరస తిరగేస్తే 50కి ఉద్యోగం మానలేరు.

ఇంకో మాట. పెన్షన్ తీయడం మొదలుపెట్టాక, స్టేట్ పెన్షన్ వచ్చేలోపు, వేరే ఆదాయం లేకపోతే ఏడాదికి 16,760 పౌండ్ల దాకా ఒక్క పైసా పన్ను లేకుండా తీయవచ్చు. 25% ఎలాగూ పన్ను లేనిది, మిగిలిన 12,570 అలవెన్స్‌లో సరిపోతుంది. 57 నుంచి 68 దాకా పదకొండేళ్లు, భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా. కాబట్టి ఆ 85 కూడా తక్కువ అంచనానే. స్టేట్ పెన్షన్ మొదలయ్యాక మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. 2026-27లో పూర్తి స్టేట్ పెన్షన్ వారానికి 241.30, ఏడాదికి 12,547. అలవెన్స్‌లో మిగిలేది ఇరవై పౌండ్ల చిల్లర.

అందుకే భార్య పేరున కూడా పెన్షన్ కట్టడం ముఖ్యం. మొత్తం భర్త పేరునే పోగేసి, ఆమె అలవెన్స్ ఏటా వృథా చేసుకునే ఇళ్లే ఎక్కువ. మన ఇళ్ల సంగతి తెలిసిందే.

కొత్తకోడరు:
మా కంపెనీలో సాలరీ శాక్రిఫైస్ లేదు. సిప్‌లో (SIPP, మనమే తెరుచుకునే పెన్షన్ ఖాతా) సొంతంగా కడితే లక్ష కిందకి వచ్చినట్టేనా?

లెక్కలపద్దు:
వచ్చినట్టే, కానీ పద్ధతి వేరు. సిప్‌లో మీరు 4,000 కడితే సంస్థ యూకే పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నుంచి 1,000 తెచ్చి 5,000 చేస్తుంది. మీ సర్దుబాటు ఆదాయం తగ్గేది 5,000. ఆ 5,000 లక్ష పైముక్కలోదే అయితే మొత్తం పన్ను లాభం 3,000. వెయ్యి సంస్థ తెచ్చేసింది కాబట్టి మిగిలిన 2,000 మీరే పన్ను రిటర్న్ వేసి, సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో అడిగి తెచ్చుకోవాలి. అడక్కపోతే రాదు. మర్చిపోయినా నాలుగేళ్లు వెనక్కి వెళ్లి అడగవచ్చు. ఎన్ఐ లాభం మాత్రం ఈ దారిలో ఉండదు.

జనం దెబ్బతినేది మూడు చోట్ల:
ఫారంలో 5,000 రాయాల్సిన చోట తాము కట్టిన 4,000 రాస్తారు.
వర్క్‌ప్లేస్ పెన్షన్ "నెట్ పే" పద్ధతిలో ఉండగా, అప్పటికే పూర్తి పన్ను లాభం వచ్చేసినా, మళ్లీ సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో రాసి రెండోసారి తీసుకుంటారు. అది తర్వాత నోటీసు రూపంలో తిరిగొస్తుంది. పేస్లిప్ చూడండి: పెన్షన్ కోత పన్ను లెక్కకి ముందు పడితే నెట్ పే, పన్ను కట్టాక మిగిలినదాంట్లోంచి పడితే రిలీఫ్ ఎట్ సోర్స్, అసలు జీతం అంకే తగ్గి కనిపిస్తే శాక్రిఫైస్.
ఏప్రిల్ 5 సాయంత్రం డబ్బు పంపుతారు. ఆ లోపు సిప్ సంస్థకి చేరకపోతే అది వచ్చే ఏడాది లెక్క. మార్చి చివరి వారానికే ముగించండి.

గోదారిగట్టు:
లక్ష లెక్కలో మనవాళ్లు మర్చిపోయేది ఇండియా ఆదాయం. ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, కానీ యూకే నివాసికి ఇక్కడ పన్ను ఉంది, సర్దుబాటు ఆదాయంలోనూ కలుస్తుంది. మియాపూర్ ఫ్లాట్ అద్దె కూడా అంతే. యూకే బ్యాంకు వడ్డీలో మొదటి 500 మీద పన్ను లేకపోయినా లక్ష లెక్కలో అదీ చేరుతుంది. ఐసా వడ్డీ మాత్రం చేరదు. జీతాన్ని సరిగ్గా 1,00,000కి దించి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటే, 340 పౌండ్ల వడ్డీ వచ్చి నర్సరీ గంటలు ఎగిరిపోతాయి. 2,000 పౌండ్ల దాకా వెసులుబాటు ఉంచుకోండి. కంపెనీ షేర్లు వెస్ట్ అయ్యే (మీ సొంతమై ఆదాయంగా లెక్కకొచ్చే) నెలలుంటే ఇంకా ఎక్కువ.

రీడింగ్_రాణి:
బోనస్‌కి కూడా ఇదే జాగ్రత్త. బోనస్ శాక్రిఫైస్ ఒప్పందం బోనస్ హక్కుగా రాకముందే జరగాలి. డబ్బు ఖాతాలో పడ్డాక వెనక్కి మళ్లించడం కుదరదు, అప్పుడు సిప్ ఒక్కటే దారి. ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇంకొకటి: కొన్ని బ్యాంకులు శాక్రిఫైస్ తర్వాతి జీతం మీదే మార్ట్‌గేజ్ అర్హత కడతాయి. దరఖాస్తుకి ముందు బ్రోకర్‌ని అడగండి. ప్రసూతి సెలవు జీతం కూడా తగ్గిన జీతం మీదే లెక్క.

తిరుగుటపా:
ఇప్పుడు నా పేరుకి తగ్గ ప్రశ్న. హైదరాబాద్ వెళ్లిపోతే ఈ లెక్కలేవి? భారత్-యూకే పన్ను ఒప్పందం ప్రకారం ప్రైవేటు పెన్షన్ మీద పన్ను వేసే హక్కు నివాస దేశానిదే. అంటే ఇండియాది. అక్కడి చట్టంలో యూకే 25% మినహాయింపు లేదు. మీ 16,760 గారడీ శంషాబాద్‌లో దిగగానే ఆవిరి.

గోదారిగట్టు:
ఆవిరి కాదు, కొంచెం తగ్గుతుంది. అంకెలు వేద్దాం. పౌండుకు 115 రూపాయలు అనుకుంటే 16,760 అంటే 19.27 లక్షలు. ఇండియా కొత్త విధానంలో 2025-26 స్లాబుల ప్రకారం, 25% మినహాయింపు ఏమీ లేదనే అనుకున్నా, పన్ను సెస్సుతో కలిపి 1.93 లక్షలు. పది శాతం. 62% తప్పించుకుని 10% కట్టడం నష్టమా? ఏడాదికి 10,000 పౌండ్లే తీస్తే 11.5 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే 12 లక్షల రిబేటులో పన్నే లేదు.

నిజంగా మునిగేది ఒకేసారి తీసేవాళ్లు. 4 లక్షల పౌండ్ల పెన్షన్‌లో 25%, అంటే లక్ష పౌండ్లు, ఇండియాలో పూర్తి నివాసిగా ఉన్న ఏడాది తీస్తే 1.15 కోట్ల ఆదాయం. సర్‌చార్జి, సెస్సు కలిపి దాదాపు 36 లక్షల పన్ను. అదే డబ్బు యూకే నివాసిగా ఉండగా తీస్తే సున్నా.

"ఆర్ఎన్ఓఆర్ హోదాలో (తిరిగొచ్చిన కొత్తలో ఉండే, ఇంకా పూర్తి నివాసి కాని హోదా) తీసుకుంటాలే, అప్పుడు విదేశీ ఆదాయం మీద ఇండియాలో పన్ను లేదు" అని చాలామంది ధీమా. ఆ హోదా తిరిగొచ్చాక రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. 50కి వెళ్లినవాళ్లకి 53 లోపే అయిపోతుంది. పెన్షన్ తెరుచుకునేది 57కి. కలవవు. 54, 55 దాటి వెళ్లేవాళ్లకే అది పనికొస్తుంది. శీను గారి లెక్కలో ఆర్ఎన్ఓఆర్‌ని పెన్షన్ కోసం అసలు పరిగణించకండి.

తిరుగుటపా:
చూశారా, అందుకే ఐసా అన్నాను.

గోదారిగట్టు:
ఐసాకి అక్కడ పెన్షన్ కన్నా తక్కువ విలువండీ! ఇండియా దృష్టిలో ఐసా మామూలు విదేశీ ఖాతా. పూర్తి నివాసి అయ్యాక అందులో డివిడెండ్లు, వడ్డీ, అమ్మకం లాభం అన్నిటికీ పన్ను. యూకే వదిలాక కొత్తగా డబ్బు కూడా వేయలేరు. దాని మంచి గుణం ఏమిటంటే ఆర్ఎన్ఓఆర్ కాలంలో అమ్మేసుకోవచ్చు. అమ్మి మళ్లీ కొంటే కొన్న ధర కొత్తదవుతుంది, పాత లాభం మీద రెండు దేశాల్లోనూ పన్ను ఉండదు. ఆ హోదా ముగిసే మార్చి 31కి ముందే చేయాలి. పెన్షన్‌లో అయితే లోపల పెరిగే లాభం మీద ఏటా పన్ను కట్టకుండా, తీసేటప్పుడే కట్టేలా ఇండియాలో 1961 ఆదాయపు పన్ను చట్టం 89ఏ సెక్షన్ కింద వెసులుబాటు ఇచ్చారు. అమెరికా, యూకే, కెనడా పెన్షన్ ఖాతాలకి వర్తిస్తుంది. దానికి నిర్ణీత ఫారం గడువులోగా వేయాలి, ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి తీసుకోవడం లేదు. కాబట్టి 50కి తిరిగి వెళ్లే మనిషికి పెన్షనే నయం, ఐసా కాదు. వింతగా ఉన్నా లెక్క అదే.

రెండు ఖాతాలనీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది.

మిల్టన్‌కీన్స్‌మామ:
అందరూ పన్ను దగ్గరే ఆగిపోయారు. ఇండియా నివాసి అయ్యాక సిప్ సంస్థ మీతో ఎలా ఉంటుందన్నది అంతకంటే పెద్ద సమస్య. కొన్ని సంస్థలు యూకే చిరునామా పోగానే కొత్త కొనుగోళ్లు ఆపేస్తాయి. కొన్ని విదేశీ ఖాతాకి డబ్బు పంపవు. వర్క్‌ప్లేస్ పథకాల్లో చాలావాటికి నెలనెలా కొంచెంకొంచెం తీసుకునే డ్రాడౌన్ సౌకర్యమే ఉండదు, మొత్తం తీసుకో, లేదా వేరేచోటికి మార్చుకో అంటాయి. బయల్దేరే ముందే రాతపూర్వకంగా అడిగి, విదేశీ నివాసులతో పనిచేసే సంస్థకి మార్చుకోవాలి. చిరునామా మారాక ఆ మార్పు చాలా కష్టం.

హెచ్‌ఎంఆర్‌సీ వైపు డీటీ-ఇండివిడ్యువల్ ఫారం నింపి, ఇండియా నివాస ధ్రువపత్రం జతచేస్తే ఎన్‌టీ కోడ్ ఇస్తారు. అప్పుడు యూకేలో పన్ను కోయరు. అది రాకముందే డబ్బు తీస్తే ఎమర్జెన్సీ కోడ్ తగులుతుంది. ఇక్కడే ఉన్నవాళ్లకీ ఇదే బెడద: ఏడాది డబ్బు 16,760 ఒకేసారి తీస్తే, మీకు నెలనెలా అంతే వస్తుందనుకుని దాదాపు 4,000 పౌండ్లు కోసేస్తారు. పీ55 ఫారంతో వెనక్కి వస్తుంది, కానీ ఆగాలి. ముందు వంద పౌండ్లు తీయండి, హెచ్‌ఎంఆర్‌సీ సంస్థకి సరైన కోడ్ పంపాక మిగతాది తీయండి.

ఇంకా ఒకటి. ఇండియాలో ఉండేవాళ్లకి యూకే స్టేట్ పెన్షన్ ఏటా పెరగదు, మొదట ఎంతకి మొదలైతే అంతకే ఆగిపోతుంది. దాన్ని లెక్కలో సగం విలువకే వేసుకోండి. విదేశాల్నుంచి చవక క్లాస్ 2 ఎన్ఐ కట్టి స్టేట్ పెన్షన్‌కి కావాల్సిన ఏళ్లు నింపుకునే దారి 2026 ఏప్రిల్‌తో మూసేశారు. ఇప్పుడు క్లాస్ 3 మాత్రమే, అదీ పదేళ్లు యూకేలో ఉన్నవాళ్లకి.

కొత్తకోడరు:
2029లో సాలరీ శాక్రిఫైస్ తీసేస్తున్నారట కదా? ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?

లెక్కలపద్దు:
తీసేయడం లేదు. 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించింది ఇదీ: 2029 ఏప్రిల్ నుంచి ఏడాదికి మొదటి 2,000 పౌండ్లకే ఎన్ఐ మినహాయింపు. ఇన్‌కమ్ టాక్స్ లాభం యథాతథం. లక్ష పైముక్కలో మీ లాభం 62 నుంచి 60కి దిగుతుంది, అంతే. అసలు దెబ్బ 50,270 లోపువాళ్లకి, వాళ్లకి పోయేది 8%. కంపెనీలకి 15% భారం కాబట్టి మీతో పంచుకుంటున్న ఎన్ఐ వాటా ఆపేస్తాయి. అది ఇస్తున్న కంపెనీలో ఉన్నవాళ్లు 2029 లోపు కొంచెం ఎక్కువ వేసుకోవడంలో అర్థం ఉంది. ఏడాది పరిమితి 60,000, కంపెనీ వాటాతో కలిపి. గత మూడేళ్లలో వాడనిది కూడా తెచ్చుకోవచ్చు, ఆ ఏళ్లలో ఏదో ఒక యూకే పెన్షన్‌లో సభ్యులై ఉంటే చాలు. ఎన్‌హెచ్‌ఎస్ డాక్టర్లు ఈ అంకెలు నేరుగా వాడుకోవద్దు. వాళ్ల పెన్షన్‌లో ఏటా పెరిగిన హక్కుని 16తో గుణించి పరిమితితో పోలుస్తారు, తెలియకుండానే దాటేస్తారు.

తిరుగుటపా:
ఒక్కటి మిగిలింది. 2027 ఏప్రిల్ నుంచి వాడని పెన్షన్ కూడా వారసత్వ పన్నులోకి వస్తోంది. పిల్లలకి మిగుల్చుదామని పోగేసేవాళ్ల వాదన దాంతో పోయినట్టే.

రీడింగ్_రాణి:
భార్యకి లేదా భర్తకి పోయేదాని మీద లేదు. 50కే మానేసేవాళ్లు పెన్షన్ తినేయడానికే దాచుకుంటారు కాబట్టి ఇక్కడ అది చిన్న విషయం. 57 వయసు 60 అవుతుందన్న మీ భయం మాత్రం కొట్టేయను. దానికి మందు పెన్షన్ మానడం కాదు, బయట డబ్బు ఏడేళ్లకి బదులు పదేళ్లకి కూడబెట్టుకోవడం.

తిరుగుటపా:
పదేళ్లంటే 3,00,000. అంత కూడేది ఉంటే 50 కాదు, 53.

స్లౌ_శీను:
53 అయితే ఆర్ఎన్ఓఆర్ 55-56 దాకా వస్తుంది, 57కి ఇంకా ఏడాది తక్కువే కదా?

గోదారిగట్టు:
తక్కువే. 54 దాటాక, ఏప్రిల్‌లో కాకుండా ఫిబ్రవరి-మార్చిలో దిగండి. ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజుల కన్నా తక్కువ ఉంటే ఆ ఏడాది ఎన్ఆర్ఐగానే గడిచిపోతుంది, ఆర్ఎన్ఓఆర్ లెక్క తర్వాతి ఏప్రిల్ నుంచి మొదలవుతుంది. 57 నిండే తేదీ, ఆర్ఎన్ఓఆర్ ముగిసే మార్చి 31 రెండూ ఒక కాగితం మీద రాసుకుని, వెనక ఏడేళ్లలో ఇండియాలో ఉన్న రోజులు పాస్‌పోర్టు ముద్రలు చూసి కూడండి. 729 దాటకూడదు. సెలవులకి వచ్చిన రోజులూ అందులో పడతాయి.